ఈజీ, మీడియం, హార్డ్

తుపాకీ చేతపట్టి తెర లోపలికి నడిచే ఆటల్లో ఒక పాత మర్యాద ఉండేది. ఆట మొదలుకాక ముందే, ఎంత కష్టం కావాలో ఆడేవాణ్ణి అడిగేవాళ్ళు. ఈజీయా, మీడియమా, హార్డా? ఆటని బట్టి పేర్లు మారేవి గానీ అడగడం మాత్రం మానేవాళ్ళు కాదు. ఆ మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చింది, మా పెంటపాడు పిల్లలు దాన్ని ఎలా వాడుకున్నారు, చివరికి వాళ్ళ చేతుల్లోంచి అదెలా పోయింది అన్నది రాసిపెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది. ఈ ఊళ్ళో పదేళ్ళ పైచిలుకు నెట్ సెంటర్ నడిపాను. డెల్టా కాలవల చరిత్ర, రైసు మిల్లుల చరిత్ర రాసేవాళ్ళున్నారు. ఆ సెంటర్లలో కుర్చీకి ముగ్గురు చొప్పున వేలాడుతూ పెరిగిన పిల్లల సంగతి మాత్రం ఎక్కడా చదవలేదు.

కంప్యూటర్ల కంటే ముందు వీడియో గేమ్ షాపులు. తాడేపల్లిగూడేన్ని మేం గూడెం అనే అంటాం. పెంటపాడులో ఆటో ఎక్కితే పావుగంటలో దిగొచ్చు. 1990ల్లో అక్కడ చీకటి గదుల్లో నిలువెత్తు డబ్బాలుండేవి. రూపాయి బిళ్ళ వేస్తే ఆట. అందరూ ఎగబడేది క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ మీద. ఆ పేరు పలికినవాణ్ణి నేను చూడలేదు. అందులో పసుపు టోపీ పెట్టుకున్నవాడి పేరు ముస్తఫా కాబట్టి ఆటే ముస్తఫా అయిపోయింది, మా దగ్గరే కాదు, దేశమంతా. ఆ డబ్బాల వెనక తలుపు తీస్తే, చాలా పాత బోర్డుల మీద గోరంత స్విచ్చులు వరసగా ఉండేవి. కొన్నింట్లో స్విచ్చులకి బదులు షాపు వాళ్ళు మాత్రమే తెరవగలిగే ఒక మెనూ. రూపాయికి ఎన్ని లైఫులు, ఎదుటివాడు ఎంత గట్టిగా కొట్టాలి, ఎన్ని పాయింట్లకి ఇంకో లైఫు వస్తుంది, ఇవన్నీ అక్కడే తేలేవి. ముందు నిలబడి ఆడేవాడికి అదేదీ కనపడదు. నిన్న రెండు రూపాయల్లో దాటిన లెవెలు ఇవాళ ఐదు రూపాయలు మింగితే, తన చెయ్యే తిరగలేదనుకుని ఇంటికి పోవడమే.

ఆ లెక్కని తిరగేసింది ఇంటి కంప్యూటరు. బిళ్ళ వేసే పని లేదు, ఆడేవాణ్ణి తొందరగా చంపి పంపాల్సిన అవసరమూ లేదు. 1992 మేలో అమెరికాలో ఐడి సాఫ్ట్‌వేర్ వాళ్ళు వుల్ఫెన్‌స్టైన్ 3డి వదిలారు. గూడెంలో నేను కంప్యూటర్ నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో, చివరి బ్యాచ్ వెళ్ళిపోయాక, డాస్ మీద మొదటిసారి ఆడిన తుపాకీ ఆట అదే. మొదలుపెట్టగానే నాలుగు మెట్లు చూపించేది, ఒక్కోదానికి పక్కన హీరో మొహం ఒక్కో తీరుగా. అన్నిటికన్నా తేలికది ఎంచుకుంటే వాడికి చంటిపిల్లల టోపీ, నోట్లో పాలపీక. పెద్దవాణ్ణి పట్టుకుని అలా ఉడికించేది ఆట. కాని ఆ మెట్టు అక్కడ ఉంది, కావాలంటే తీసుకో అంటూ ఉంది. నాకు ఆ మెనూ మీద గౌరవం ఆనాటి నుంచే.

1993 డిసెంబరులో అదే కంపెనీ డూమ్ తెచ్చింది. మొదటి భాగం ఉచితం, ఫ్లాపీల్లో చేతులు మారుతూ ఎక్కడెక్కడికో పోయింది. ఇందులో మెట్లు చివరికి ఐదయ్యాయి. ఐదోదైన నైట్‌మేర్‌ని 1994లో తర్వాతి వెర్షన్‌తో కలిపారు. దాన్ని నొక్కితే ఇది ఏ మాత్రం న్యాయమైన ఆట కాదు, నిజంగా కావాలా అని మళ్ళీ అడుగుతుంది. ఆ మెట్లలో లోపల ఏం మారుతుందో తెలుసుకున్నప్పుడు నాకు చాలా సరదా వేసింది. రాక్షసులకి బలం పెరగదు. ఈజీలో మూడు గుళ్ళకి పడేవాడు హార్డ్‌లోనూ మూడు గుళ్ళకే పడతాడు. మారేది వాళ్ళ సంఖ్య, వాళ్ళని నిలబెట్టిన చోటు. అన్నిటికన్నా కింది మెట్టులో మాత్రం మనకి తగిలే దెబ్బ సగమే, దొరికే తూటాలు రెట్టింపు. నైట్‌మేర్‌లో చచ్చినవాళ్ళు కాసేపటికి మళ్ళీ లేస్తారు. 1996లో వచ్చిన క్వేక్‌లోనైతే మెనూయే తీసేశారు. ఒక హాల్లో నిలబెడతారు, ఎదురుగా మూడు దారులు. ఏ దారిన నడిస్తే ఆ కష్టం. నైట్‌మేర్‌కి పోయే దారిని మాత్రం ఎవరికీ తేలిగ్గా దొరక్కుండా దాచిపెట్టారు.

ఇవన్నీ మా ఊరికి చేరినా పదిమంది నోళ్ళలో నానలేదు. మా సెంటర్లకి అసలు ఊపు తెచ్చింది ప్రాజెక్ట్ ఐజీఐ. నార్వేలో ఇన్నర్‌లూప్ స్టూడియోస్ అని ఒక సంస్థ తయారుచేస్తే 2000 చివర్లో ఐడాస్ కంపెనీ విడుదల చేసింది. ఆ సంస్థ అంతకుముందు 1997లో జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అని విమానాల ఆట చేసింది, ఆ ఇంజన్నే దీనికీ వాడుకుంది. అందుకే డూమ్‌లోలాగా గదులూ సందులూ కాకుండా కనుచూపు మేర కొండలు, మైదానం, మధ్యలో కంచె వేసిన స్థావరం. హీరో జోన్స్ ఒక్కడే. చెవిలో అన్యా అనే ఆమె దారి చెబుతుంటుంది. మొత్తం 14 మిషన్లు. మొదటిది ట్రైన్‌యార్డ్. మా పిల్లలు దాన్ని గూడెం గూడ్స్ షెడ్డు అనేవాళ్ళు. మూడోది మిలిటరీ ఎయిర్‌బేస్. గూడెం పక్కన కడకట్ల దగ్గర రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్ళు వేసిన రన్‌వే ఉంది. విమానాలు ఏనాడో రావడం మానేశాయి. మా తరం అక్కడ క్రికెట్ ఆడింది, బళ్ళు తోలడం నేర్చుకుంది. 2015లో వచ్చిన నిట్ కూడా ఆ వైపే కట్టారు. తెర మీద ఆ ఎయిర్‌బేస్ కనపడితే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు “ఒరేయ్, మన రన్‌వేరా” అనేవాడు. యుద్ధం కోసం వేసిన చోటి పక్కనే పుట్టి, ఆ యుద్ధం ఎవరితోనో తెలియకుండా పెరిగిన పిల్లలకి ఎయిర్‌బేస్ అంటే ఏమిటో మొదట చెప్పింది ఆ ఆటే.

ఐజీఐలో కష్టం మెనూలో కన్నా ఒక్క నిబంధనలో ఉంది. మిషన్ మధ్యలో సేవ్ చేసుకోవడం కుదరదు. ముప్పావుగంట పాకి పాకి చివరి గోడ దగ్గర ఒక్క తూటా తిన్నా మళ్ళీ మొదటి నుంచి. ఆ ఆటని విదేశాల్లో సమీక్షించినవాళ్ళు చాలామంది ఇదే పెద్ద లోపం అని రాశారు. 2003లో వచ్చిన రెండో భాగంలో ఒక్కో మిషన్‌కి లెక్కకట్టి కొన్ని సేవ్‌లు ఇచ్చారు. మా దగ్గర మాత్రం ఆ లోపమే ఆటని నిలబెట్టింది. ఒకడు ఆడుతుంటే నలుగురు ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళు. సేవ్ ఉంటే ఆ బిగువు ఎక్కణ్ణుంచి వస్తుంది?

రావిపాడు వైపు నుంచి సైకిలు మీద వచ్చే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. మా రేటు గేములకి గంటకి పది రూపాయలు. వాడి దగ్గర ఐదే ఉండేవి, అంటే అరగంట. సోషల్ నోట్సు చివరి పేజీల్లో ఎయిర్‌బేస్ పటం పెన్సిలుతో గీసుకున్నాడు. కావలి బురుజులకి గుండు సున్నాలు, కెమెరాలకి గీత, అలారం ఉన్నచోట ఇంటూ గుర్తు, మందుల పెట్టె ఉన్న గదికి చిన్న ప్లస్సు. కూర్చోగానే ఆ పుస్తకం కీబోర్డు పక్కన తెరిచేవాడు. మొదటి పది నిమిషాలు ఒక్క తూటా కాల్చడు. దిబ్బ మీద పడుకుని బైనాక్యులర్‌తో చూస్తూ ఎవడు ఎటు నడుస్తున్నాడో, ఎన్నో అడుగుకి వెనక్కి తిరుగుతున్నాడో లెక్కపెట్టేవాడు. ఊడ్చిన చేలో కొంగ నిలబడ్డట్టు ఉండేది వాడి వాలకం. వెనక ఉన్నవాళ్ళకి ఓపిక ఉండదు.

“కాల్చు మావా, కాల్చు!”

“ఉండెహె. వాణ్ణటు తిరగనీ.”

ఆ ఆటలో బతకడానికి మా పిల్లలు కనిపెట్టిన పద్ధతులన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. బురుజు మీద ఉన్నవాణ్ణి ముందు దింపాలి, ఎందుకంటే కింద ఉన్నవాడికి గోడ అడ్డం, పైవాడికి ఏదీ అడ్డం కాదు. సైలెన్సర్ లేని తుపాకీ పేలిస్తే ఆ చోట మళ్ళీ నిలబడకూడదు. కెమెరా కంట పడితే అలారం మోగుతుంది, అలారం మోగితే బారక్స్ తలుపులోంచి సైనికులు వస్తూనే ఉంటారు. కాబట్టి కెమెరాలని ఆపే కంప్యూటరు ఎక్కడుందో ముందు వెతకాలి. ఒకవేళ మోగిందే అనుకోండి, పారిపోతే చస్తాం. బారక్స్ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడితే వచ్చినవాణ్ణి వచ్చినట్టు పడగొట్టొచ్చు. పడ్డవాడి తుపాకీ తూటాలు తీసుకోవాలి. ఒంట్లో బలం దానంతటది తిరిగి రాదు, సిరంజి దొరికిన గది గుర్తుంచుకుని అక్కడికి వెళ్ళి తీరాలి. ఇవేవీ వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. గెలిచేవాడు వేగమైనవాడు కాదనీ, చూసి కదిలినవాడనీ ఐదు రూపాయల అరగంటలు నేర్పాయి.

ఆట పెట్టిన కష్టం ఒకటైతే కరెంటు పెట్టిన కష్టం ఇంకోటి. ఆ రోజుల్లో మండల కేంద్రాల్లో కోత పట్నాల కంటే ఎక్కువ గంటలు. వేసవిలో చెప్పిన టైము ఒకటి, తీసే టైము ఒకటి. యూపీఎస్‌లు మహా అయితే పది నిమిషాలు ఆపేవి, తర్వాత కూత. ఆ కూత వినగానే నెట్‌లో రిజల్ట్సు చూసుకునేవాళ్ళు ప్రింటు కోసం తొందరపడేవాళ్ళు, ఐజీఐ ఆడేవాడు దిబ్బ దిగి పరుగు తీసేవాడు, చచ్చినా పర్వాలేదు ఈ పది నిమిషాల్లో అయిపోవాలని. సేవ్ లేని ఆటకి, కోత ఉన్న ఊరికి మధ్య నలిగిన పిల్లలు నెమ్మదిగా ఒక లెక్క కట్టుకున్నారు. పొడుగు మిషన్లు కరెంటు వచ్చిన వెంటనే మొదలుపెట్టాలి, చిన్నవి కోతకి ముందు. “అన్నయ్యా, ఇవాళ ఆరింటికి పోద్దా, ఏడింటికా?” అని అడిగాకే డబ్బులిచ్చేవాళ్ళు. కరెంటు పోతే మిగిలిన నిమిషాలు చీటీ మీద రాసిచ్చేవాణ్ణి. ఆ చీటీలు ఒకరికొకరు అప్పులిచ్చుకునేవాళ్ళు కూడా.

మెనూ ఉన్న ఆటలు వచ్చినప్పుడు ఎవరు ఏ మెట్టు ఎక్కుతారో చూడటం నాకు అలవాటైంది. 2002లో వచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్: అలైడ్ అసాల్ట్‌లో మూడు మెట్లు, ఈజీ, మీడియం, హార్డ్. ఒమాహా తీరంలో పడవ దిగి ఇసక మీద పరుగెత్తే మిషన్‌లో హార్డ్ పెట్టుకుంటే అడ్డు దొరక్కముందే ప్రాణం పోతుంది. నేను చూసినంతలో హార్డ్ పెట్టింది జేబులో డబ్బున్నవాడు. చచ్చినా ఇంకో గంట కొనుక్కోగలడు. ఐదు రూపాయలవాడు ఈజీ పెట్టేవాడు. కథ చివర ఏమవుతుందో చూడటం వాడికి ముఖ్యం. ఈజీ పెట్టినవాణ్ణి వెనకవాళ్ళు గేలి చేసేవాళ్ళు, వాడు తలొంచుకుని ఆడి పూర్తిచేసి లేచేవాడు. గేలి చేసినవాళ్ళలో చాలామంది ఆ ఆట చివర చూడలేదు. ఈజీ అనే మెట్టు లేకపోతే ఆ పిల్లాడికి ఆ ఆట సగంలోనే ఆగిపోయేది, అందుకే ఆ మెట్టు పెట్టినవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

కౌంటర్ స్ట్రైక్ దీనికి పూర్తిగా వేరు. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్ లైఫ్ ఆట మీద 1999లో కట్టిన మార్పు అది. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని తన ఆటగా అమ్మింది. మా సెంటర్లకి చేరి పాతుకుపోయింది 2003 నాటి 1.6. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక హబ్బు, చేత్తో క్రింప్ చేసిన నాలుగు కేబుళ్ళు ఉంటే చాలు, ల్యాన్ మీద ఆడొచ్చు. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో మొదలైనా మా వైపు అది గేమ్‌కి పనికొచ్చే నిలకడకి రావడానికి ఇంకా టైము పట్టింది, ల్యాన్‌కి ఆ బాధ లేదు. ఇందులో ఈజీ, హార్డ్ అన్న ప్రశ్నే లేదు. ఎదుట కూర్చున్నవాడే కష్టం. పెదతాడేపల్లి వాసవి ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు సెలవుల్లో ఊరికి వచ్చి కూర్చుంటే మా స్కూలు పిల్లలు రౌండుకి పది సెకన్లు ఆగేవాళ్ళు కాదు. అప్పుడు పిల్లలే ఒక పద్ధతి పెట్టుకున్నారు. సీనియర్లు లేనప్పుడు పోడ్‌బాట్ అనే బొమ్మ ఆటగాళ్ళని దింపుకుని సాధన. బాట్‌కి సున్నా నుంచి వంద దాకా నైపుణ్యం అంకె ఇవ్వొచ్చు. ఈ వారం నలభై, వచ్చే వారం అరవై అని వాళ్ళకి వాళ్ళే పెంచుకుంటూ పోయేవాళ్ళు. మెనూ లేని ఆటలో మెనూ వాళ్ళే పెట్టుకున్నారన్నమాట.

అందులో బతుకు డబ్బు లెక్క మీద నడుస్తుంది. మొదటి రౌండులో చేతికి 800 డాలర్లు. ఏకే-47 కొనాలంటే 2500, ఏడబ్ల్యూపీ అనే పెద్ద స్నైపర్ 4750. ఓడిన రౌండులో ఉన్నదంతా ఖర్చుపెట్టినవాడు తర్వాతి రౌండులో పిస్తోలుతో దిగుతాడు. కాబట్టి ఓడతామని తెలిసిన రౌండులో ఏమీ కొనకుండా దాచుకోవాలి, జట్టంతా ఒకేసారి కొనాలి. బాంబు పెట్టాక పేలడానికి మామూలుగా 45 సెకన్లు. కిట్టు ఉంటే తీయడానికి ఐదు, లేకపోతే పది. ఆ ఐదు సెకన్ల తేడా కోసం 200 డాలర్ల కిట్టు కొనేవాడు ఒకడుండాలని, వాడు తుపాకీ తగ్గించుకున్నా ఫర్వాలేదని పిల్లలు వాదించుకుంటుంటే కౌంటరు దగ్గర కూర్చుని వినేవాణ్ణి. సాయంత్రం పూట ఏ నాన్నగారో గుమ్మంలో నిలబడి “మావోడొచ్చాడాండీ?” అనేవారు. కళ్ళు చీకటికి అలవాటయ్యేలోగా ఆ అబ్బాయి వెనక గుమ్మంలోంచి సైకిలు దగ్గరికి చేరిపోయేవాడు.

ఈలోగా బయట ప్రపంచంలో ఆ మెనూ మర్యాద కొద్దికొద్దిగా మారుతోంది. 2005లో కాల్ ఆఫ్ డ్యూటీ రెండో భాగం మందుపెట్టెలు తీసేసింది. కాసేపు అడ్డుచాటున కూర్చుంటే బలం దానంతటదే తిరిగొస్తుంది. సిరంజి గది గుర్తుపెట్టుకునే విద్య ఒక్కసారిగా అక్కర్లేకుండా పోయింది. 2007లో నాలుగో భాగం మొదట్లోనే ఒక శిక్షణ పరుగు పెట్టి, ఎంతసేపట్లో ముగించావో చూసి, నీకు ఫలానా మెట్టు బాగుంటుందని సలహా చెప్పింది. సలహాయే, ఎంపిక ఇంకా మనదే. 2008లో లెఫ్ట్ 4 డెడ్ ఇంకో అడుగు వేసింది. మనం ఎంత అలిసిపోయామో, ఎంత దెబ్బతిన్నామో లోపల్లోపల కొలిచి దాన్ని బట్టి గుంపుల్ని వదిలే ఒక డైరెక్టర్ ప్రోగ్రామ్ అందులో ఉంది. అయినా మెనూని తీసెయ్యలేదు, అలాంటిది ఒకటుందని వాల్వ్ బయటికే చెప్పుకుంది.

సెంటర్ల కథ ముగియడానికి కారణాలు ఇంకోచోట ఉన్నాయి. 2011 ఏప్రిల్లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చింది. వచ్చినవాడి గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరులో రాసి ఏడాది దాచాలి, క్యాబిన్ గోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదు, క్యాబిన్లలోకి మైనర్లు పెద్దవాళ్ళు లేకుండా రాకూడదు. తొమ్మిదో తరగతి పిల్లాడికి గుర్తింపు కార్డేమిటి? చాలామంది నడిపేవాళ్ళు గేములు తీసేసి జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల వైపు తిరిగారు, నేనూ అంతే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మిగిలిన కుర్చీలు కూడా ఖాళీ.

2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. కరెంటు కోత దాన్ని ఆపలేదు, గంటకి పది రూపాయలు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. వందమంది, ఒక దీవి, కుంచించుకుపోయే నీలం వలయం, చివరికి మిగిలినవాడు గెలిచినట్టు. బతికే పద్ధతులు మళ్ళీ పుట్టాయి. జనం దిగే ఊళ్ళు వదిలి అంచున దిగడం, వలయం ముడుచుకునే దిక్కు పసిగట్టి ముందే చేరడం, చివరి పదిమందిలో గడ్డిలో పడుకుని కదలకపోవడం. ఐజీఐ కుర్రాడి పుస్తకంలో సగం ఇక్కడా పనికొస్తుంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్ళీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఈ రాకపోకలన్నీ పేపర్లలో బాగానే రాశారు.

నా పట్టింపు వేరే. ఈ ఆటలో దిగేటప్పుడు ఎంత కష్టం కావాలని ఎవరూ అడగరు. కొత్తగా చేరినవాడి వందమందిలో చాలామంది మనుషులు కారు, మనుషుల పేర్లు పెట్టుకున్న బాట్లు. ఆడేవాడి ర్యాంకు పెరిగేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతుంది. ఎంత తగ్గిందో తెర మీద ఎక్కడా ఉండదు. గూడెం డబ్బాల వెనక స్విచ్చులు ఎలా కనపడేవి కావో ఇదీ అంతే. కష్టం మళ్ళీ షాపు వాడి చేతికే పోయింది. మా దగ్గర ఆడేవాడు తన కష్టాన్ని తాను తెలిసి ఎంచుకున్న కాలం, డూమ్ నుంచి లెక్కపెడితే పాతికేళ్ళకి మించలేదు. ఆ పాతికేళ్ళలో పదేళ్ళు మా సెంటరు నడిచింది, అది నాకు గర్వంగానే ఉంటుంది.

మా అన్నయ్య కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, రోజూ ఆడతాడు. మొన్న చికెన్ డిన్నర్ కొట్టానని, అంటే చివరిదాకా మిగిలి గెలిచానని, ఫోను చూపించాడు, పద్నాలుగు కిల్స్.

“వాళ్ళల్లో మనుషులెంతమందిరా?” అన్నాను.

“తెలీదు బాబాయ్. నిలబడిపోయి కాలిస్తే బాట్ అనుకుంటాం. పరిగెత్తి గోడెనక్కెళ్తే మనిషి.”

“మరి చెప్పరా ఆటలో?”

“ఎందుకు చెప్తారు? చెప్తే ఎవడాడతాడు?”

ఆడతారనే నేనంటాను. పోడ్‌బాట్‌కి నలభై ఇచ్చి ఓడిపోయి మర్నాడు మళ్ళీ వచ్చి నలభైతోనే కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. బాట్ అని తెలిసే ఆడారు, అరవైకి చేరాక ఇంజనీరింగ్ కుర్రాళ్ళ ఎదుట కూర్చున్నారు. దిగే ముందు వందలో మనుషులెంతమందో ఒక అంకె వేసి, తగ్గించుకోవడానికీ పెంచుకోవడానికీ పక్కన రెండు బటన్లు పెడితే చాలు. 1992లో డాస్ మీద, ఫ్లాపీలో పట్టే ఆటలో కుదిరింది ఇప్పుడు కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.